పదేళ్ళ గ్యారంటీ ఉన్న నీళ్ళ డబ్బా

దక్షిణామూర్తికి ఉపదేశం కావాలి.

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాక, మదనపల్లె పక్కన కొండవాలులో ఉన్న చెంగమ్మ ఆశ్రమానికి వచ్చి చేరాడు. వచ్చిన నాటి నుంచి ఆయన అడిగేది అదొక్కటే. ఆ ఆశ్రమంలో ఉపదేశమంటే చెంగమ్మ శిష్యుడి తల దగ్గరకు లాక్కుని చెవిలో ఒక మాట చెబుతుంది. ఆ మాట ఏమిటో శిష్యుడు ఇంకెవరికీ చెప్పకూడదు. ఈ రెండో షరతు దక్షిణామూర్తి వల్ల అవుతుందా అని అందరికీ అనుమానం. కన్నవాళ్ళు మౌనంగా బోధించిన దేవుడి పేరు పెట్టారు గానీ, ఆయనకూ మౌనానికీ ఇంతవరకు పరిచయం కలగలేదు.

ఆ ఉదయం కూడా అడిగాడు. చెంగమ్మ వసారాలో నులక మంచం మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది. ఆమె కాళ్ళ దగ్గర పాత నీళ్ళ డబ్బా బోర్లా పడి ఉంది. మూతికి జల్లెడ ఉండి, మొక్కలకు వానలా నీళ్ళు పోసే రేకు డబ్బా. దాని అడుగు తుప్పు పట్టి ఊడిపోయింది.

"ఉపదేశం యాడికీ పోదులే నాయనా. ముందు తోటకు గట్టి డబ్బా ఒకటి తీసుకురా. నేను పోయినాక కూడా మొక్కలకు నీళ్ళు పోసేదిగా ఉండాల."

"తెస్తే?"

"తెచ్చినాక చెవి కూడా తీసుకురా."

ఇంకేముంది, దక్షిణామూర్తి డబ్బాల మీద తపస్సు మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూశాడు. తనతో పనిచేసిన ఇంజనీర్లందరికీ ఫోన్లు చేశాడు. సాయంత్రం భజన అయ్యాక, ఎవరూ అడగకుండానే, సభకు నివేదిక ఇచ్చాడు.

"ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది. మామూలు రేకు తుప్పు పడుతుంది. జింకు పూత పూసిన రేకు నిలుస్తుంది కానీ అతుకుల దగ్గర కారుతుంది. స్టీలు శ్రేష్ఠం. మూతి మీద జల్లెడ ఇత్తడిదై ఉండాలి, ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. పిడి పైనొకటి, వెనకొకటి. లేకపోతే బరువంతా మణికట్టు మీద పడుతుంది."

వింటున్నవాళ్ళలో సులోచన ఉంది. వంటా, వంటింటి వెనక కూరమళ్ళూ ఆమెవే. ఆమె కూడా చెంగమ్మ శిష్యురాలే. కాకపోతే చేతిలో ఎప్పుడూ గరిటె ఉంటుంది కాబట్టి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

"సార్, మీరెప్పుడైనా మొక్కకు నీళ్ళు పోసినారా?" అని అడిగింది.

"కొన్ని వేల ఎకరాలకు పారించానమ్మా!"

"ఎకరాలకు సరే. మొక్కకు?"

"ఎందుకు పోయలేదూ? అమ్మగారి జాజికి రోజూ పోస్తున్నానుగా."

 జాజికి పోయనివాళ్ళు ఆ ఆశ్రమంలో ఎవరున్నారు గనుక? అది చెంగమ్మ మంచం పక్కనే, వసారా స్తంభానికి పాకిన సన్నజాజి. తెల్లవారగానే ఒకాయన పోస్తాడు. స్నానం చేసి వస్తూ ఇంకొకాయన పోస్తాడు. హెడ్మాస్టరుగా చేసి వచ్చిన ప్రభులింగం భజనకు ముందు చెంబుతో పోసి, కళ్ళు మూసుకుని, ఒక కన్ను తెరిచి చెంగమ్మ చూసిందో లేదో చూస్తాడు. ఇంకొకరు పోశారు కదా అని ఊరుకుంటే పుణ్యం ఆ ఇంకొకరికి పోతుంది. అందుకని ఎవరూ ఊరుకోరు.

ఆ జాజి కొన్నాళ్ళుగా పసుపుపచ్చగా పండిపోతోంది. ఆకు రాలిన కొద్దీ భక్తులకు బెంగ, బెంగ కొద్దీ నీళ్ళు. తప్పంతా పాత డబ్బాదేనని అందరూ కలిసి తేల్చారు. నీళ్ళు జల్లుగా కాక ముద్దగా పడ్డాయట, వేళ్ళు అదిరిపోయాయట.

దక్షిణామూర్తి మదనపల్లెలో ఉన్న కొట్లన్నీ తిరిగాడు. ఏదీ నచ్చక బెంగళూరు వెళ్ళాడు. పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. కొంగ మెడలాంటి గొట్టం, ఇత్తడి జల్లెడ, రెండు పిడులు. దాంతోపాటు పొడుగాటి రబ్బరు పైపు, దాని చివర తుపాకీలాంటి స్ప్రే గన్.

"ఎనిమిది రకాలుగా కొడుతుందమ్మా! ఇలా తిప్పితే మంచు, ఇలా తిప్పితే తుంపర, ఇది వాన, ఇది ధార..."

శిష్యులంతా చేరారు. ఆశ్రమంలో ట్యాంకు వంటింటి మిద్దె మీద ఉంది. అక్కణ్ణుంచి పైపు పరిచి, వసారా దాకా లాక్కొచ్చి, దక్షిణామూర్తి గురి చూసి మీట నొక్కాడు. ముసలావు చొంగ కార్చినట్టు గన్ను మూతి నుంచి ఇన్ని నీళ్ళు జారి ఆయన చెప్పు మీద పడ్డాయి.

"ఇది ఎన్నో రకం సార్?" అంది సులోచన.

"ప్రెషర్ చాలటం లేదు. ట్యాంకు ఎత్తు తక్కువ, పైపు పొడుగు ఎక్కువ."

"అట్లాంటివి ముందే చూసుకోవాల్సింది ఏ శాఖవాళ్ళు సార్?"

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దక్షిణామూర్తి గన్ను పక్కన పడేసి డబ్బా ఎత్తాడు.

"ఇది మాత్రం తిరుగులేనిదమ్మా. మేడ మీద నుంచి పడేసినా సొట్ట పడదు. పదేళ్ళ గ్యారంటీ."

"గ్యారంటీ ఎవరికి నాయనా?"

"డబ్బాకమ్మా."

"ఊఁ. ఏదీ, పోసి చూపించు."

దక్షిణామూర్తి డబ్బా నింపుకుని నేరుగా జాజి దగ్గరకే వెళ్ళాడు. నీళ్ళు నిజంగానే వానలా పడ్డాయి. అప్పటికే చిత్తడిగా ఉన్న నేల మీద పడి, బుడగలేసి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాయి. ఆయన చెవి తుడుచుకుని చెంగమ్మ ముందు వంగాడు.

చెంగమ్మ మంచం దిగింది. "సులోచనా, ఆ పక్క పట్టుకో" అంది.

ఆడవాళ్ళిద్దరూ నులక మంచాన్ని ఎత్తి, మెట్లు దిగి, వంటింటి చుట్టూ తిరిగి, వెనక వంగమళ్ళ పక్కన దించారు. చెంగమ్మ దాని మీద కూర్చుని మిగిలిన చింతచిగురు ఏరడం మొదలుపెట్టింది.

"అమ్మా, మరి ఉపదేశం?" వంగినవాడు వంగినట్టే అక్కడిదాకా వచ్చాడు దక్షిణామూర్తి.

"డబ్బా నిలుస్తుందో లేదో చూడొద్దా నాయనా."

మర్నాడు తెల్లవారేసరికి వంగమళ్ళ దగ్గర చెంబులూ బిందెలూ వరస కట్టాయి. ఇన్నేళ్ళుగా ఆశ్రమానికి వెనకవైపు ఉందని తెలియని పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టి వచ్చారు. మొక్కమొక్కకూ నమస్కారం, ఆ తర్వాత నీళ్ళు. ప్రభులింగం సులోచనను పక్కకు పిలిచి, వంకాయ మొక్కకు నీళ్ళు ఆకుల మీద కాక మొదట్లో పోయాలని నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"మంచిది సార్, పెద్దవాళ్ళు చెప్పినారు. వంకాయ వండేది కూడా చెప్పి పోండి."

"మేము చేసేది సేవమ్మా. నేర్చుకోవడంలో నామోషీ ఏముంది?"

"నిన్నటి దాకా ఇది పని సార్. అమ్మ మంచం వచ్చినాక సేవ అయిపోయింది" అని సులోచన పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి వంగమొక్కలు తలలు వేలాడేశాయి. ఎవరూ పట్టించుకోని జాజి మాత్రం ఆరిన నేలలో ఊపిరి పీల్చుకుని చిగుళ్ళు వేసింది.

చెంగమ్మ మళ్ళీ మంచం ఎత్తించింది. ఈసారి అంట్లు తోమే బండ పక్కన, అరటిచెట్ల దగ్గర. గిన్నెలు కడిగిన నీళ్ళే ఆ అరటికి ఆధారం. దాంతో శిష్యులు కొబ్బరిపీచు కోసం ఒకరినొకరు తోసుకున్నారు. ఇంట్లో తాగిన గ్లాసు తీసి అవతల పెట్టి ఎరగని చేతులు బూడిదలో మునిగాయి. తోమిన గిన్నెను ఇంకొకాయన లాక్కుని మళ్ళీ తోమాడు. బండ ట్యాంకుకు సరిగ్గా కిందే ఉంది కాబట్టి దక్షిణామూర్తి పొడుగాటి పైపు కోసి, గజం ముక్కకు గన్ను బిగించాడు. మీట నొక్కగానే ధార విరుచుకుపడి, సాంబారు గిన్నెకు అంటుకున్న మాడు పెచ్చులుగా లేచిపోయింది. ఆయన ముఖం చూడాలి! ఉద్యోగంలో ఏ కాలువకు నీళ్ళు వదిలినప్పుడూ ఆయన అంత సంతోషించి ఉండడు.

సులోచన ఆ పూట గడప మీద కూర్చుని, వేడి తగ్గకముందే టీ తాగింది. ఆ ఆశ్రమంలో ఆమెకు అలాంటి టీ అదే మొదటిది.

తర్వాత మంచం గుమ్మడిపాదు దగ్గరకు పోయింది. ఆ తర్వాత కరివేపాకు దగ్గరకు. ఎక్కడ నేల నెర్రెలు విడిస్తే అక్కడికి మంచం, మంచం ఎక్కడుంటే అక్కడికి నీళ్ళు. దక్షిణామూర్తి ఎంతైనా ఇంజనీరు. ఒకరోజు చేతిలో డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నాకు అర్థమైపోయింది! నీళ్ళు మొక్కల కోసం పారటం లేదు. మీ మంచం వెంట పారుతున్నాయి!"

"తెలివైనవాడివే."

"మరి చెవి..."

"తోటకేమో డబ్బా అడిగితిని. ఇప్పుడు చూస్తే నేనే డబ్బానైనాను. నా నడుము పడిపోయింది నాయనా, ఈ మంచం ఎన్నాళ్ళని మోయను?"

ఆ మాట అని, మంచాన్ని తన గదిలో వేయించుకుని, లోపల గడియ పెట్టుకుంది. మాటలు లేవు. సులోచన పెట్టే ముద్ద తప్ప ఏమీ లోపలికి పోదు. ఇప్పుడు సేవ ఎక్కడ చేయాలో శిష్యులకు పాలుపోలేదు. గది ముందు చాపలు పరిచి భజనకు కూర్చున్నారు. పక్కనే ఉంది కదా అని చేతులు మళ్ళీ జాజి వైపు పోబోతే, సులోచన దాని చుట్టూ తుమ్మకంప పాతి, "అమ్మ వద్దనింది" అంది. అమ్మ ఏమీ అనలేదు.

దక్షిణామూర్తి మాత్రం భజనకు కూర్చోలేదు. తనకు అర్థమైంది కదా! తోటలో అందరికంటే దూరంగా, కొండవాలు పైన కంచె మూలలో, ఒక నిమ్మమొక్క ఉంది. పైపు అందదు, ఎవరి కంటికీ ఆనదు. దాన్ని తన బాధ్యతగా తీసుకున్నాడు. స్టీలు డబ్బా నింపుకుని రోజూ వాలెక్కాడు. వెళ్ళేటప్పుడు చెంగమ్మ కిటికీ పక్కగా వెళ్ళేవాడు. అక్కడికి రాగానే దగ్గు వచ్చేది. డబ్బా కూడా సరిగ్గా అక్కడే గోడకు తగిలి ఖంగుమనేది. పైకెక్కి, నీళ్ళు పోసి, వెనక్కి తిరిగి చూసేవాడు. తలుపు తెరుచుకునేది కాదు.

ఇలా కొన్నాళ్ళు దగ్గాడు. ఒక రోజు ఎండ మరీ మండిపోయింది. మధ్యాహ్నం చింతచిగురు పప్పు కాస్త ఎక్కువే పడింది. దక్షిణామూర్తి డబ్బా నింపి కిటికీ దాకా వచ్చాడు, దగ్గాడు, ఆగాడు. లోపల నుంచి గురక వినిపించింది. డబ్బా అక్కడే దించి, వేపచెట్టు నీడలో తువ్వాలు పరుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు తెరుచుకుంది.

శిష్యులంతా బిలబిలా చేరారు. చెంగమ్మ మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. చుట్టూ చూసి దక్షిణామూర్తిని వేలితో పిలిచింది.

"డబ్బా ఎట్లుంది నాయనా?"

"అద్భుతంగా ఉందమ్మా! చుక్క కారలేదు. అతుకు కదల్లేదు. నేను ముందే చెప్పాను, పదేళ్ళు..."

"చెవి ఇట్ల పెట్టు."

ఒక్కసారిగా గుసగుసలు ఆగిపోయాయి. ప్రభులింగం మెడ కొంగ మెడ అయింది. దక్షిణామూర్తి గబగబా ముందుకు జరిగి, కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గాడు. చెంగమ్మ ఆయన తలను దగ్గరకు లాక్కుంది. మెల్లగా, ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"నిన్న మూలలో ఉండే నిమ్మకు నువ్వు పోయలేదు. రాత్రి నేనే పోసినా."

దక్షిణామూర్తి కళ్ళు తెరిచాడు. ముందు చెంగమ్మ చీర అంచు కనిపించింది. అంచంతా ఎర్రమట్టి ఎండి అట్టకట్టి ఉంది. మంచం కింద పాత రేకు డబ్బా ఉంది. ఊడిన అడుగుకు ఎవరో కొబ్బరిచిప్ప అడ్డం పెట్టి, గుడ్డపేలికతో బిగించి కట్టారు.

ఏదో అనబోయి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. లేచి, కిటికీ దగ్గర తాను నిన్న దించిన డబ్బా అందుకున్నాడు.

"ఏం మంత్రమండీ?" ప్రభులింగం వెంటపడ్డాడు. "ఎన్ని అక్షరాలు? పోనీ, మొదటి అక్షరం చెప్పండి!"

దక్షిణామూర్తి పలకలేదు. సులోచన చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఆ సార్ మాట్లాడటం లేదు!"

చెంగమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "మంచం ఆ పక్క పట్టుకో. అట్ల ముంగిట బండ మీద ఎండలో వేద్దాం. గదిలో పెట్టినందుకు నల్లులు పట్టినాయి" అంది.

ఇద్దరూ మంచాన్ని మోసుకెళ్ళి, ముంగిట్లో నున్నటి రాతిబండ మీద నిలబెట్టారు. వాలు మీద స్టీలు డబ్బా ఎండకు తళుక్కుమంటూ పైకి పోతోంది. కిటికీ దాటినా దగ్గు వినపడలేదు.

సులోచన ఇటు తిరిగేసరికి ప్రభులింగం అప్పుడే చెంబు నింపుకొచ్చి, మంచం కోళ్ళ దగ్గర బండ మీద భక్తిగా నీళ్ళు పోస్తున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు బిందెలతో వరసలో ఉన్నారు. ఆమె ఆపబోయింది.

"పోయనీలే" అంది చెంగమ్మ. "బండకు వేళ్ళు కుళ్ళవు."