మాటులో ఇద్దరు

సూరన్నకు గురువు మీద కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళ శిష్యరికంలో ఇదే మొదటిసారి.

పాపికొండల్లో, గోదావరి సన్నటి గీతలా కనిపించేంత ఎత్తున ఉండేది వాళ్ళ పర్ణశాల. ఆ వేసవిలో ఒకరోజు అచలయ్య స్వామి, తొలకరి పడగానే తాను కొండ దిగి వెళ్ళిపోతానని చెప్పారు. సూరన్న మాత్రం ఇక్కడే ఉండాలట. ఎందుకని అడిగితే పొయ్యిలో పుల్ల ఎగదోసి ఊరుకున్నారు. వదిలిపోయేవారు అసలు నన్నెందుకు చేరదీసినట్టు అని సూరన్న లోలోపల ఉడికిపోయాడు.

ఆ ఉడుకు మరచిపోవడానికే కాబోలు, పిట్టల మీద పడ్డాడు. పై లోయలో ఒక తాండ్ర చెట్టు తొర్రలో కొమ్ముపిట్ట గూడు ఉందని కొండరెడ్ల బూసిరెడ్డి చూపించాడు. ముక్కు మీద ఇంకో ముక్కు ఎక్కించుకున్నట్టుండే పెద్ద పిట్ట అది. ఆడది తొర్రలో దూరి, మట్టితో, రెట్టతో గుమ్మం పూడ్చేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. పిల్లలు కాస్త పెరిగేదాకా బయటికి రాదు. అన్నాళ్ళూ మగపిట్టే మేడిపళ్ళు మింగి తెచ్చి, ఒక్కొక్కటే కక్కి ఆ సందులోంచి అందిస్తుంది.

ఇది విన్నాక సూరన్నకు కాలు నిలవలేదు. ఆ చీకట్లో ఆమె పొద్దంతా ఏం చేస్తుంది? ఒక్క గొంతులో ఎన్ని పళ్ళు పడతాయి? మగది ముందు ఎవరికి పెడుతుంది, తల్లికా పిల్లలకా? చెట్టుకు ఎదురుగా ఈతాకులతో మాటు కట్టుకుని రెండు రోజులు, పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాడు.

మగపిట్ట రాలేదు. అవతలి గట్టు మీద వాలి మాటు వంకే చూస్తూ ఉండిపోయింది. తొర్ర సందులోంచి ముక్కు కొస బయటికి వచ్చి, కాసేపు చూసి, ఖాళీగా లోపలికి పోయింది.

"నువ్వు లోనికి దూరింది అది చూసేసింది సామీ," అన్నాడు బూసిరెడ్డి. "నువ్వు బయటికొస్తేగానీ రాదు. ఆ లోపలున్నయ్యి కడుపు మాడ్చుకుంటన్నయ్యి."

ఆ సాయంత్రం సూరన్నకు ముద్ద దిగలేదు. కోపం పక్కన పెట్టి గురువుకు అంతా చెప్పుకున్నాడు. చూడకుండా ఉండలేనన్నాడు. చూడబోతే వాటి నోటికాడి కూడు తీసినట్టవుతోందన్నాడు. స్వామి విని, రేపు తానూ వస్తానన్నారు.

మర్నాడు ఇద్దరూ బయలుదేరారు. పొదల చాటున వెళ్దామని సూరన్న అంటే వినకుండా, స్వామి బోడిబండ మీదుగా, గట్టు మీది పిట్టకు కనబడేలా, గట్టిగా దగ్గుతూ మరీ నడిచారు. ఈ ముసలాయన ఉన్నదీ పోగొట్టేలా ఉన్నాడే అనుకున్నాడు శిష్యుడు. మాటులో ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. ఆయన పక్కన ఉంటే ఎప్పటిలాగే ధైర్యంగా అనిపించింది.

ఒక కరక్కాయ ముక్క నమిలేంతసేపు కూర్చుని స్వామి కర్ర అందుకున్నారు.

"నువ్వు కదలకు," అని బయటికి వెళ్ళిపోయారు.

వచ్చిన బండ మీదుగానే, తొందర లేకుండా, ఒక్కరే. పిలుద్దామని గొంతుదాకా వచ్చింది సూరన్నకు. ఆకుల సందుల్లోంచి ఆ వీపు వాలులోకి దిగిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు వినిపించింది, చేటతో విసిరినట్టు రెక్కల చప్పుడు. పిట్టకు లెక్క రాదు మరి. లోపలికి పోయిన మనిషి బయటికి పోయాడు, అంతే. కొమ్ముపిట్ట తిన్నగా తొర్ర మీద వాలి, మెడ సాచి, ఒక పండు కక్కి సందులో పెట్టింది. లోపలి ముక్కు అందుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. సూరన్న ఊపిరి బిగబట్టి పదకొండు దాకా చూశాడు.

పిట్ట మళ్ళీ పళ్ళకు ఎగిరిపోయాక మాటు విప్పేసి పర్ణశాలకు పరుగెత్తాడు. స్వామి బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

"వచ్చింది స్వామీ. మీరటు వెళ్ళారో లేదో వచ్చేసింది. ఇంకాసేపు ఉంటే మీరూ చూసేవారు."

"నేనుంటే అది వచ్చేదా?" అన్నారు స్వామి తలెత్తకుండానే. "నీతో లోపలికి వచ్చిందే లేచి వెళ్ళడానికి గదరా."

సూరన్న వెళ్ళి ఎదురుగా కూర్చుని, చేట తన వైపు లాక్కున్నాడు.

ఆ ఏడు తొలకరి ముందే పడింది. గురువు మూట సూరన్నే కట్టాడు.