పాలు కారే కాడ

దస్తగిరికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. కారణం గంగపాయల కూర.

కొండ కింద దర్గాలో ఖాదర్‌షా స్వామికి వంట మొదటినుంచీ దస్తగిరే చేసేవాడు. ఏం పెట్టినా స్వామి మాట్లాడకుండా తిని లేచేవారు. అలాంటి మనిషి, నిన్నగాక మొన్న శిష్యుడిగా చేరిన ఫకీరప్ప ఒకపూట చేనుగట్టు మీది గంగపాయలాకు కోసుకొచ్చి పప్పు చేస్తే, గిన్నె ముందుకు జరిపారు.

"ఇంకొంచెం ఎయ్యి నాయినా" అన్నారు.

దస్తగిరి ఆ పప్పుకేసి ఈసడింపుగా చూశాడు. ఆకులోనే పులుపుందని చింతపండైనా వెయ్యలేదు వాడు. కందిపప్పు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి తిరగమోత. ఇదీ ఒక వంటేనా? ఇన్నేళ్ళలో తనని ఒక్కసారైనా ఇంకొంచెం అడిగారా?

శుక్రవారం స్వామి మళ్ళీ అదే పప్పు కావాలన్నారు. ఫకీరప్ప ఆకు కోసి, లేతకాడలతో సహా బాగుచేసి, బుట్ట అరుగు మీద పెట్టి నీళ్ళకు వెళ్ళాడు.

గంగపాయల పక్కనే నేలమీద పాకే కలుపు మొక్క ఒకటుంది. దాని కాడ కూడా ఎర్రగానే ఉంటుంది. విరిస్తే పాలు కారతాయి, తింటే కడుపు పాడవుతుంది. దస్తగిరి దాన్ని గుప్పెడు తుంచి తెచ్చి బుట్టలో కలిపేశాడు. వాడి పప్పు పేరు ఈ పూటతో సరి అనుకున్నాడు.

వెనక్కి తిరిగితే స్వామి నిలబడి ఉన్నారు. ఆయన బుట్టకేసి చూశారు. దస్తగిరి వేళ్ళకేసి చూశారు. వేళ్ళ మీద పాలు తెల్లగా అట్టకట్టి ఉన్నాయి.

నీళ్ళు తెచ్చిన ఫకీరప్పని సమాధి దగ్గర ఊడవమని పంపేశారు.

"ఈపూట వంట నువ్వే చెయ్యి" అన్నారు దస్తగిరితో. "ఆకు పారెయ్యొద్దు. పొద్దన్నుంచి బాగుచేసినాడు పాపం."

కోరుకున్న వంట చేతికొచ్చింది గానీ చేతులు ఆడలేదు. దస్తగిరి కూర్చుని ఒక్కో కాడనీ విరిచాడు. తేమ కనబడితే వెలుగులో పెట్టి, నీరో పాలో చూశాడు. చూసినవే మళ్ళీ చూశాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఖాళీ గిన్నె పక్కన పెట్టుకుని స్వామి ఎదురుగానే కూర్చున్నారు.

ఊడ్చి వచ్చిన ఫకీరప్ప, తీసి పడేసిన కాడలు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నేనే సరిగ్గా చూళ్ళేదేమో అన్నా."

దస్తగిరికి సిగ్గుతో తల వాలిపోయింది.

"నువ్వు బాగానే చూసినావు. అవి నేను కలిపినా" అన్నాడు.

ఫకీరప్ప ఆ కాడలు ఒకపక్కకు నెట్టాడు. వంగి పొయ్యి వెలిగించాడు.

పప్పు ఉడికింది. తిరగమోత పడింది. దస్తగిరి వడ్డించాడు. స్వామి ముద్ద కలిపి ఎత్తబోతుంటే గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు నేను తింటా స్వామీ."

"అన్నీ విరిచి చూసినావు కదా?"

"చూసినా."

"నేనూ చూసినా" అని స్వామి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.