పులిని చూడబోయిన రాజుగారు

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో కాదర్రా, ఊళ్ళన్నీ అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక రాజ్యం. దానికో రాజు. గండభేరుండ మహారాజు. పేరు వింటే గుండె అదురుతుంది, మనిషిని చూస్తే బొజ్జే కనపడుతుంది. కాళ్ళు ముడుచుకోవే పద్దూ, నా పొట్టలో తంతున్నావు.

ఆ రాజుగారికి అన్నీ ఉన్నాయి, ఒకటే కొరత. పులిని చూడలేదు. రాణిగారేమో చిన్నప్పుడు పుట్టింటి దగ్గర చూసిందట. చూసింది చూసినట్టు ఊరుకోవచ్చుగా? అన్నం వడ్డిస్తే పులి మాటే, తాంబూలం చుడితే పులి మాటే. చివర్న "మీరు చూడలేదుగా పాపం" అని ఒక దీర్ఘం. రాజుగారికి ముద్ద దిగేది కాదు.

ఇక లాభం లేదని మంత్రి నాగదేవయ్యని పిలిచి, పులిని చూడ్డానికి ఏ కాలం మంచిదయ్యా అని అడిగాడు. వేటకి కాదు, ఊరికే చూసి రావడానికే. ఆ మంత్రికి అడవి సంగతి తెలీదు, రాజుగారి మొహం సంగతి బాగా తెలుసు. రాజుగారికి ఎండ పడదు. అంచేత వానాకాలం మహాప్రభో, పచ్చగా చల్లగా ఉంటుంది అన్నాడు.

రాజుగారి కోడలు చెంగల్వ ఈ మాట విని నొసలు చిట్లించింది. ఆ పిల్ల పుట్టిల్లు అడవి ఒడ్డునే. వానల్లో పులేం కనపడుతుంది మామగారూ అనబోయింది. కొత్తకోడలు కదా, అత్తగారు ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుంది.

బయల్దేరారు. ముందు డప్పులు, డప్పుల వెనక ఏనుగు, ఏనుగు వెనక పల్లకీ, పల్లకీ వెనక వంటవాళ్ళు, వంటవాళ్ళ వెనక ఊరకుక్కలు. ఊఁ కొడుతున్నారా, గోడకి చెప్తున్నానా? అడవిలో అడుగు పెట్టగానే ఏనుగు బురదలో దిగబడింది, పల్లకీ వాగులో పడింది. ఇక జలగలు! వాటికి రాజేమిటి, మంత్రేమిటి? ఎక్కడెక్కడ పట్టాయో చెప్పను, నవ్వుతారు. రాజుగారు చాన్నాళ్ళు బోర్లా పడుకునే భోంచేశారు.

అయితే చలికాలం మహాప్రభో అన్నాడు మంత్రి. మళ్ళీ డప్పులు, డప్పుల వెనక ఏనుగు, ఏనుగు వెనక పల్లకీ, అదే తంతు. చూస్తే పొగమంచు, ఎవడి చెయ్యి వాడికే కనపడదు. అంతలో పొదలో చారలు కదిలాయి. అదిగో పులి అని రాజుగారు కేకేశారు. భటులు బల్లేలు ఎత్తారు. "నేనయ్యా! నేను!" అని చారల దుప్పటి ముసుగు తీసి నాగదేవయ్య లేచాడు. పొదలో ఏం చేస్తున్నాడని అడక్కండి. పొద్దున్నే అందరూ చేసేదే.

రాణిగారు పొట్ట పట్టుకు నవ్వింది. రాజుగారికి పౌరుషం తన్నుకొచ్చింది. మంత్రి సందు చూసుకుని, అడవికి నిప్పు పెట్టిస్తే పులే బయటికొస్తుంది కదా ప్రభూ అన్నాడు. సరే అనేశాడు ఆ వెర్రి మహారాజు!

ఈ మాట చెంగల్వ చెవిన పడింది. అడవి అంటుకుంటే ఒడ్డునున్న తన వాళ్ళు మిగులుతారా? జింకలు, నెమళ్ళు, గూళ్ళలో పిల్లలు? ఇంక ఎవరి చూపూ లెక్కచెయ్యకుండా తిన్నగా భోజనాల దగ్గరికే వెళ్ళింది.

"మామగారూ, పులి ఇంటికి వెళ్ళారు. అదెప్పుడు కనపడుతుందో కనుక్కున్నారా?"

"పులిని కనుక్కోవడమేమిటమ్మాయ్?"

"వానల్లో ఎక్కడ చూసినా నీళ్ళే, ఎక్కడైనా తాగుతుంది. ఆ గుబుర్లలో మీ పక్కనుంచి పోయినా కనపడదు. ఎండాకాలం రానివ్వండి. ఆకులు రాలతాయి, వాగులెండుతాయి, పెద్దమడుగొకటే మిగులుతుంది. దాహమేసి అదే వస్తుంది."

"ఎండలో నేను మాడిపోనూ?"

"మాడరు. కాస్త కరుగుతారు."

అత్తగారి చేతిలో గరిటె జారిపడింది. రాజుగారు గుడ్లురిమి చూశారు. చూసి చూసి, బొజ్జ అదిరేలా నవ్వారు.

"అప్పుడూ కనపడకపోతే?"

"మా పుట్టింటితో సహా తగలబెట్టించండి."

అనేసింది గానీ, పులేమన్నా తను పెంచిన పిల్లా, పిలిస్తే రావడానికి?

ఎండలు ముదిరాయి. ఈసారి డప్పుల్లేవు, ఏనుగు లేదు, పల్లకీ లేదు, వంటవాళ్ళు లేరు, కుక్కల్ని కట్టేశారు. రాజుగారి అత్తరు కూడా కడిగించింది చెంగల్వ. మామాకోడళ్ళూ మంత్రీ మడుగు ఎదురుగా చెట్టు మీద మంచె ఎక్కి కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. రాజుగారికి చెమటలు ధారలు కడుతున్నాయి. జింకలొచ్చాయి. సరిగ్గా అప్పుడే రాజుగారి కడుపు గుర్రుమంది, జింకలన్నీ చెంగుమని పారిపోయాయి! ఇక పులేం వస్తుంది, మావాళ్ళ గతేంటి అని చెంగల్వ కళ్ళు మూసుకుంది.

ఎక్కడో కొండముచ్చు ఖక్కుమని అరిచింది. తర్వాత అడవంతా చప్పుడాగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పులి. తొందరేం లేదు దానికి. నీళ్ళ దగ్గరికొచ్చి, వెనక్కి తిరిగి, తోక ముందు నీళ్ళలో పెట్టి, వెనక్కి వెనక్కి దిగి, మెడదాకా కూలబడి, హమ్మయ్య అన్నట్టు కళ్ళు మూసుకుంది. వెనకాలే రెండు పిల్లలొచ్చి దాని వీపెక్కి జారుతున్నాయి. కాసేపటికి తలెత్తి మంచె వంక చూసింది. రాజనీ లేదు, గీజనీ లేదు, ఈగని చూసినట్టు చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

రాజుగారి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మంత్రిగారి పంచె తడిసింది. మడుగు దూరంగానే ఉంది మరి.

"అమ్మాయ్, దీన్నటే నేను తగలబెడదామనుకుంది?" అన్నారు రాజుగారు. చెంగల్వకి అప్పుడొచ్చింది ఊపిరి.

ఇంటికొచ్చాక రాజుగారు రాణితో పోటీపడి పులి కబుర్లు చెప్పారు. తర్వాత దండోరా వేయించారు: వానాకాలం అడవిలోకి ఎవరూ పోకూడదు, పిల్లల తల్లులుంటాయి, వాటి మానాన వాటిని వదిలెయ్యండి అని. కాపలాకి ఎవరంటారు? నాగదేవయ్యే! మొదట్లో ఏడ్చాడు గానీ, పోనుపోను అడవి గాలికి ఒళ్ళు తేలికై, రమ్మన్నా కోటకి రానన్నాడట.

అందుకే చెప్తున్నా, ఎవరినైనా చూడబోతే మనకి ఎప్పుడు వీలని కాదు, వాళ్ళకి ఎప్పుడు వీలో అడగాలి. పులైనా సరే, పక్కింటి పిన్నైనా సరే. అందరూ చల్లగా ఉన్నారు. కథేమో కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. పడుకోండింక.