గంజాయికి ఇన్ని వాసనలు ఎలా వచ్చాయంటే

ఒకప్పుడు గంజాయి మొక్కకు ఏ వాసనా ఉండేది కాదు. నలిపినా లేదు, ఎండబెట్టినా లేదు. రుచీ లేదు. మేకలు దాని మీద నోరు పెట్టి, ఏం తిన్నామో తెలియక తలెత్తి అటూ ఇటూ చూసేవి. తేనెటీగలు దాని పక్కనుంచే పోయేవి, అక్కడ మొక్కే లేనట్టు.

ఆ కాలంలో చెట్లు మనుషులతో మాట్లాడేవి. అడిగితే బదులిచ్చేవి. కోపం వస్తే తిట్టేవి కూడా. గంజాయి మొక్కను మాత్రం ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. అది కొండల నడుమ ఒక పల్లంలో ఒంటరిగా నిలబడి ఉండేది. ఆ పల్లంలో మిట్టమధ్యాహ్నం కూడా మంచు విడిచేది కాదు. పిట్టలు అక్కడ వాలేవి కావు.

ఆ పల్లానికి పైనున్న గూడెంలో సుక్రి ఉండేది. ఆకులూ వేర్లూ బాగా తెలిసిన మనిషి. ఆమె భర్త డొంబు జీలుగు కల్లు గీసేవాడు. వాళ్ళతోపాటు డొంబు తల్లి మంగిలి ఉండేది. డొంబు ఇంట్లో ఉంటే ముసలామెను ఏడిపించకుండా ఉండలేడు. "అమ్మా, నీ పళ్ళు ఎలక ఎత్తుకుపోయిందా?" అంటాడు. ఆమె చీపురు తిరగేస్తుంది. ఇంక ఒకటే నవ్వులు.

ఒక పొద్దున డొంబు జీలుగు చెట్టు మీంచి జారి రాళ్ళ మీద పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము పోయింది. ఇంక చూడండి, ఎంత నొప్పో! కూర్చోలేడు, పడుకోలేడు. అతని మూలుగు గూడెమంతా వినిపించేది. కుక్కలు కూడా ఆ ఇంటివైపు రావడం మానేశాయి.

సుక్రి తనకు తెలిసిన ప్రతి వేరూ నూరింది. ప్రతి ఆకూ కట్టింది. నొప్పి దేనికీ లొంగలేదు.

"ఒసే సుక్రీ, వాడి బాధ చూడలేకపోతున్నానే! నీకు తెలియని మందు ఇంకేదైనా ఉంటే వెతకవే" అని మంగిలి కోడలి చేతులు పట్టుకుంది.

సుక్రి ఇంతకుముందు వెళ్ళని చోటల్లా వెతికింది. చివరికి ఆ మంచు పల్లంలోకి దిగింది.

అక్కడ అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. మంచులో ఒక పచ్చని మొక్క కనిపించింది. విచ్చిన అరచేతుల్లాంటి ఆకులు. సుక్రి ఒక ఆకు ముట్టుకుని వాసన చూసింది. ఏమీ లేదు.

"ఇదేం మొక్క?" అంది తనలో తను.

"ఇదేం మొక్క?" అని ఎవరో అన్నారు.

సుక్రి వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఆ గొంతు అచ్చం తన గొంతే.

"భయపడకు. నాకంటూ గొంతు లేదు. నీది వాడుకుంటున్నాను" అంది మొక్క. "నొప్పిని నిద్రపుచ్చడం నాకు వచ్చు. కానీ నాకు వాసన లేదు. వాసన లేని మందుకు మనిషి ఒంట్లో దారి తెలియదు. ఎవరినైనా అడిగి నాకు వాసన తెచ్చిపెట్టు. నీ మనిషి నొప్పి నేను తీసుకుంటాను."

సుక్రికి ఒళ్ళు జలదరించింది. కానీ ఇంటి దగ్గర మూలుగు గుర్తొచ్చింది. సరేనంది.

ఆమె మామిడి చెట్టు దగ్గరికి వెళ్ళింది. మామిడి బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంది.

"నా వాసన ఇస్తాను, పట్టుకుపో. కానీ పళ్ళు తిన్నవాళ్ళకు ఎండపూట కళ్ళు ఎలా వాలతాయో తెలుసుగా? వాసనతోపాటు ఆ మత్తు కూడా వస్తుంది. తర్వాత నన్ను అనకు."

"నిద్రేగా! నిద్రపట్టకే కదా నా మొగుడు చస్తున్నాడు" అంది సుక్రి.

మామిడి వాసన తగిలేసరికి గంజాయి ఆకులు వణికాయి. సుక్రి నాలుగు ఆకులు కోసుకుని, ఇంటికి తెచ్చి, నూరి నడుముకు పట్టు వేసింది. డొంబు మూలుగు ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. మంగిలి చేతులెత్తి కొండకు దండం పెట్టింది.

అతను పొద్దున లేవలేదు. మర్నాడూ లేవలేదు. కుదిపారు, నీళ్ళు చల్లారు. లేవలేదు. ఒళ్ళు చల్లగా, ఆకు మీది మంచులా తడిగా ఉంది. ఎంతోసేపటికి పెదవులు కదిలాయి.

"కాళ్ళకింద నీళ్ళు తగులుతున్నాయి. మన్ను మెత్తగా ఉంది" అన్నాడు.

"ఎక్కడరా నీళ్ళు? మంచం మీద ఉన్నావురా!" అని తల్లి ఏడ్చింది.

సుక్రి పల్లానికి పరుగెత్తింది. మొక్క నడుమెత్తు పెరిగింది. చుట్టూ ముగ్గిన మామిడి వాసన. మంచులోంచి గురక వినిపిస్తోంది. అది డొంబు గురక. ఇంట్లో డొంబు గురక పెట్టడం లేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

"నా మొగుడు లేవడం లేదు!"

"ఒక్క వాసనే తెచ్చావు మరి. లేపే వాసన తెస్తే లేస్తాడు" అంది మొక్క.

ఇంక చేసేదేముంది? సుక్రి అడవి నిమ్మ దగ్గరికి వెళ్ళింది. నిమ్మ కిలకిలమంది.

"తీసుకో, తీసుకో! నా వాసన పీలిస్తే ఏడ్చేవాడు కూడా నవ్వుతాడు. ఎప్పుడు ఆపాలో మాత్రం నాకు తెలియదు!"

ఈసారి పట్టు వెయ్యగానే డొంబు లేచి కూర్చున్నాడు. నవ్వాడు. సుక్రి కూడా నవ్వింది. కానీ అతను ఆపలేదు. గంజి తాగుతూ నవ్వాడు. గోడ చూసి నవ్వాడు. వాళ్ళ మేకపిల్లను చిరుతపులి ఎత్తుకుపోతే, ఆ నెత్తుటి మరకలు చూసి పకపకా నవ్వాడు.

మంగిలి కోడలిని పక్కకు లాగింది. "నా కొడుకు నవ్వేముందు ముక్కు ముడుస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే. వీడి ముక్కు కదలడం లేదు చూడు. ఇది వాడి నవ్వు కాదే!"

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. డొంబు నవ్వినప్పుడల్లా, ఒక్క క్షణం తర్వాత, కింద పల్లంలోంచి ఇంకొకరు నవ్వుతున్నారు. ఆ నవ్వు చాలా సంతోషంగా ఉంది.

సుక్రి మళ్ళీ పల్లంలోకి దిగింది. "నవ్వు తగ్గాలంటే తెలివి రావాలి. గుగ్గిలం చెట్టును అడుగు" అంది మొక్క. ఇప్పుడది సుక్రి ఎత్తు పెరిగింది.

గుగ్గిలం చెట్టు పెద్దమనిషి తరహా. బెరడు మీది జిగురు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"నా వాసనకు మొద్దునిద్ర పోయేవాడు కూడా మేలుకుంటాడమ్మా. కానీ మరీ మేలుకున్నవాడికి లేనివి కూడా వినిపిస్తాయి. చూసుకుని తీసుకువెళ్ళు."

సుక్రి తీసుకువెళ్ళింది. డొంబు నవ్వు టక్కున ఆగింది. అతను మూలకు జరిగి, మోకాళ్ళు ముడుచుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు.

"గోడలో చీమలు నడుస్తున్నాయి. వినబడుతోందా?" అన్నాడు.

"లేదు."

"సుక్రీ, కదలకు. నీ వెనక ఎవరో నిలబడ్డారు."

సుక్రి మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎలా ఉన్నారు?" అంది.

"నాలాగే ఉన్నారు."

సుక్రి వెనక్కి చూడలేదు. సూటిగా బయటికి నడిచింది. డొంబు నిద్ర పోయింది, నవ్వు పోయింది, ఇప్పుడు తెలివి కూడా పోతోంది. అవన్నీ ఎక్కడికి పోతున్నాయో ఆమెకు అర్థమైంది.

దారిలో మిరియాల తీగ కనిపించింది. ఆ తీగ ఎవరితోనూ మెత్తగా మాట్లాడి ఎరగదు.

"ఏం, ఇప్పుడు నా వంతా?" అంది. "ఆ మొక్క కోసమైతే ఒక్క గింజ కూడా ఇవ్వను. నీకైతే ఇస్తాను. నోట్లో వేసుకుని నములు, మింగకు. నోరు మండుతున్నంతసేపు నువ్వు నువ్వుగా ఉంటావు. అక్కడ ఎవరు ఎవరో నీకు తెలుస్తుంది."

సుక్రి మిరియాలు నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగే నములుతూ పల్లంలోకి దిగింది.

మొక్క ఇప్పుడు డొంబు అంత ఎత్తు ఉంది. భుజాలున్నట్టుంది. ఒక పక్క కొంచెం వంగి నిలబడింది, డొంబు నిలబడినట్టే. మామిడి, నిమ్మ, గుగ్గిలం అన్నీ కలిసిన వాసన ముక్కు బద్దలుకొడుతోంది.

"సుక్రీ, వచ్చావా?" అంది. అది డొంబు గొంతు. "నేను ఇక్కడే ఉన్నాను. ఇక్కడ నాకు నొప్పి లేదు. ఆ ఇంట్లో ఉన్నది వట్టి పొట్టు. నన్ను వెనక్కి తీసుకుపోతే మళ్ళీ మూలుగుతాను. ఇక్కడే ఉండనీ."

సుక్రి కాళ్ళు ఆగిపోయాయి. అది అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. వెనక్కి తీసుకుపోతే నొప్పి మళ్ళీ వస్తుంది. తనే కదా ఆ నొప్పి పోవాలని కొండలన్నీ తిరిగింది!

"నొప్పి అస్సలు లేదా?" అంది.

"అస్సలు లేదు."

"అయితే ఇంటి దగ్గర మీ అమ్మ నీ కోసం ఏడుస్తోంది. ఆమెకు ఏం చెప్పను?"

ఆకుల మీంచి మంచు బొట్లు రాలాయి.

"ఏ అమ్మ?" అంది.

సుక్రి నోట్లో మిరియం భగ్గుమంది. ఆమె ముందుకు దూకి ఆ మొక్క కొమ్మను పట్టుకుని ఫెళ్ళున విరిచింది. మొక్క డొంబు గొంతుతో అరిచింది. ఆమె ఆగలేదు. ఏడుస్తూనే విరిచింది. నిద్ర దాగిన కొమ్మను తూర్పు కొండకు విసిరింది. నవ్వు దాగిన కొమ్మను పడమటి వాలుకు విసిరింది. గుగ్గిలం వాసన కొమ్మను పైనున్న బండల మీదికి విసిరింది. విరిగిన ప్రతి చోటా జిగురు కారి ఆమె చేతులకు అంటుకుంది.

చివరికి వేరు ఒక్కటే మిగిలింది. సుక్రి దాన్ని కూడా పెకలించబోయింది. నోట్లోని మిరియం ఉమ్మి దాని మీద పడింది. అప్పుడు సన్నగా, ఎండుటాకు కదిలినట్టు, ఒక గొంతు వినిపించింది. అది ఎవరి గొంతూ కాదు.

"చంపకు సుక్రీ. నాకంటూ ఏమీ లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళ దగ్గర ఏది ఉంటే అదే తీసుకుంటాను. నాకు వేరే ఏమీ తెలియదు."

సుక్రి చెయ్యి ఆగింది.

"బతుకు. కానీ ఒక్కచోట బతకకు, అన్నీ కలిపి బతకకు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళకు నువ్వు ఏం చేస్తావో ముందే నీ వాసన చెప్పాలి. ఇక నోటితో మాట్లాడకు" అంది.

"సరే" అంది మొక్క. అది మళ్ళీ మాట్లాడలేదు.

సుక్రి ఇంటికి వచ్చేసరికి ముసలి మంగిలి వాకిట్లోకి ఎదురుపరుగెత్తింది. "మూలుగుతున్నాడే! వినవే, మూలుగుతున్నాడు! మనవాడేనే!" అంటూ నవ్వింది, ఏడ్చింది.

డొంబు నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ, "అమ్మా, నీ ఏడుపుకు నా నడుము ఇంకా నొప్పెడుతోంది" అన్నాడు. అని ముక్కు ముడిచి కొంచెం నవ్వాడు.

మిరియం ఉమ్మి పడిన వేరు మళ్ళీ చిగురించింది. సుక్రి ఆ ఆకు ఒక్కటి నూరి పట్టు వేసింది. నొప్పి సగం తగ్గింది. డొంబు మనసు చెదరలేదు. మిగతా సగాన్ని సుక్రి తగ్గించబోలేదు. అతను కర్ర పట్టుకుని నడిచాడు. మళ్ళీ చెట్టెక్కలేదు. పూర్వంలా గాఢంగా నిద్రపోవడం కూడా అతనికి మళ్ళీ రాలేదు. ఆ మొక్క లోపల ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, "బాగుండేది. అందుకే భయం" అనేవాడు.

అప్పటినుంచే గంజాయి ఒక కొండ మీద మామిడిపండులా, ఇంకో వాలున నిమ్మలా, బండల్లో గుగ్గిలంలా, పల్లంలో మిరియంలా వాసన వేస్తుంది. ఒకటి నిద్రపుచ్చుతుంది, ఒకటి నవ్విస్తుంది, ఒకటి లేనివి వినిపించి భయపెడుతుంది, ఒకటి నొప్పి తగ్గిస్తుంది. ఒకే ఆకు ఒకరికి మందవుతుంది, వాళ్ళ తోడబుట్టినవాళ్ళకే మతి పోగొడుతుంది. తెలిసిన వైద్యులు కూడా దాని దగ్గర జాగ్రత్తగా ఉంటారు. అంతేకాదు, దాన్ని తుంచినవాళ్ళ వేళ్ళకు నల్లటి జిగురు అంటుకుంటుంది. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా అది ఒకపట్టాన చెయ్యి వదలదు.