గుమ్మడిపువ్వు మూతపడే వేళ

ఇలా దగ్గరికి జరగండర్రా. వెనకున్నవాళ్ళు కూడా. గాలికి నా మాట అటే పోతోంది. కూర్చున్నారా?

ఏటిగట్టు మీద గవరయ్యగారని బొమ్మలు వేసే ఆయన ఉండేవారు. పొద్దున్నే ఆరుబయట ఏటినీ పడవల్నీ వేసేవారు. ఎండెక్కాక ఇంట్లో చెంబో దోసకాయో ఎదురుగా పెట్టుకుని వేసేవారు. ఆయన శిష్యుడు తాతబ్బాయికి ఒకచోట కాలు నిలవదు. ఒకనాడు కుంచెలు మూటగట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఎండ ఆగదు, నీడ ఆగదు. నేను చెరిపి మళ్ళీ వేసేలోపు పడవే వెళ్ళిపోతోంది. ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. కదిలిపోయేదాన్ని ఎలా వెయ్యడం? మా మావయ్య లారీల మీద పేర్లు రాసే పనిలో పెడతానన్నాడు. పోతాను."

గవరయ్యగారు కిటికీ దగ్గర పీట మీద రాగిచెంబు, నాలుగు వంకాయలు, దడి మీంచి అప్పుడే కోసిన గుమ్మడిపువ్వు పెట్టారు. "ఇవి ఎక్కడికీ పోవులే. ఇదొక్కటి పూర్తిచేసి వెళ్ళు" అని తాను ఏటికి వెళ్ళిపోయారు.

తాతబ్బాయి పసుపు రంగు కలిపేసరికి పువ్వు అంచు ముడుచుకుంది. నీళ్ళు చల్లాడు. ఇంకాస్త ముడుచుకుంది. రేకుల్ని దారంతో వెనక్కి కట్టాడు, ఒకటి చిరిగింది. మిగతావాటికి తుమ్మముళ్ళు గుచ్చాడు. చెంబు మీద ఎండ జరిగిందని పీట జరిపాడు. కిటికీ మూశాడు, తెరిచాడు. ఈలోగా గవరయ్యగారి భార్య నూకాలమ్మగారు వచ్చి వంకాయలు కొంగులో వేసుకున్నారు.

"అయ్యో అమ్మగారూ, కదపకండి! ఇంకా వెయ్యలేదు!"

"నీ కోసం ఆగితే మాకు పచ్చిపులుసే గతి నాయనా. పొద్దుటినించీ చూస్తున్నా, ఆ పువ్వుకి బొమ్మ వేస్తున్నావా, పురుడు పోస్తున్నావా?"

మధ్యాహ్నం గవరయ్యగారు వచ్చేసరికి రంగులు ఎండిపోయాయి. కాగితం తెల్లగానే ఉంది. తాతబ్బాయి మూట చంకన పెట్టుకున్నాడు.

"చూశారుగా, ఇంట్లోదీ ఆగలేదు. సెలవిప్పించండి."

గవరయ్యగారు ముళ్ళు ఒక్కొక్కటే తీసి, దారం విప్పి, చిరిగిన పువ్వుని పీట మీద పెట్టారు.

"రెండు చేతులతోనూ దాన్నే పట్టుకున్నావు. కుంచె ఎవరికిచ్చావురా?"

తాతబ్బాయి మూట విప్పాడు. చిరిగిందాన్ని చిరిగినట్టే, గబగబా, తల ఎత్తుతూ దించుతూ వేశాడు. పొద్దు వాలేలోపు బొమ్మ అయింది. కొంచెం వంకరగానే అయింది. వాడి మొహంలో మళ్ళీ ఆ కంగారే.

"గురువుగారూ, బొమ్మలో ఉన్నట్టు పువ్వు ఇప్పుడు లేదండీ."

"ఉండదు. రేపు పొద్దున్నే ఏటికి రా" అన్నారు గవరయ్యగారు.

అంతే. ఎందుకలా అన్నారని నన్నడక్కండి. లేవండిక, ఇళ్ళకి పోయి వేడివేడిగా ఇంత తినండి.