నల్లగేదె సాక్ష్యం

ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఒక్క అక్షరం కలపను. గోదారి దిగువన ఓ లంకలో కాటుకమ్మ అనే గేదె ఉండేది. అది కాలువలో దిగితే నీళ్లు గట్టెక్కి రెండూళ్ల వరిచేలు తడిసేవి. ఒడ్డెక్కితే కాలువ అడుగు బయటపడి చేపలు సిగ్గుతో చచ్చిపోయేవి. వెయ్యిన్నొక్క గేదెల్ని పేరుపెట్టి పిలిచినవాణ్ణి నేను, అంతటి నలుపు మరెక్కడా చూడలేదు. దాని పక్కన నిలబడితే అమావాస్య కూడా తెల్లబోయేది.

ఆ లంకలో చమురు బావి పడింది. బావి మీద గుమాస్తా ఓ గుంటనక్క. బావి పక్కన గొట్టం నెత్తిన ఎప్పుడూ ఆరని మంట. తెల్లారిందో లేదో తెలియక కోళ్లు పూటకు నాలుగుసార్లు కూసి గొంతులు పోగొట్టుకున్నాయి. గొట్టాలు కారి కారి కాలువ మీద జిడ్డు తెట్టె కట్టింది. కప్పలు మూటాముల్లె సర్దుకుని పోయాయి. కాటుకమ్మ దూడకైతే ఒళ్లంతా పొక్కులు. అది తాగడానికి తాటితోపులో ఒక్క చెలమ మిగిలింది.

ఎవరైనా అడిగితే, "జిడ్డు కాదర్రా, ఇంద్రధనుస్సు! ఆకాశంలో ఉండేదాన్ని మీ కాలువలోకి దించాను. విశ్వాసం లేని జాతి మీది!" అనేది నక్క.

ఓనాడు కబురొచ్చింది. అడవి రాజుగారి తరఫున ఏనుగు దొర కాలువ చూడ్డానికి వస్తున్నాడు. బాగుందని కాగితం మీద పాదముద్ర వేశాడా, ఆ చెలమ పక్కనే రెండో బావి.

నక్క తెల్లని ప్రాణి అన్నదాన్నల్లా, బాతుల్నీ కొంగల్నీ, విందు పేరు చెప్పి పై ఊరి చేపల చెరువుకు తోలేసింది. ఆపైన కాటుకమ్మ దగ్గరికొచ్చింది.

"వదినా! రేపు కాలువలో మునిగొచ్చి దొర ముందు నిలబడు. ఒంటిమీద మరక కనబడకపోతే చాలు. నోరు విప్పక్కర్లేదు. రెండు గంపల తవుడు నీది."

"నమలడానికే తీరిక లేదు, నోరెక్కడ విప్పుతాను మరిదీ? కానీ ఒక చిక్కు. కొంగ లేకపోతే నా వీపు మీద జోరీగలు దరువేస్తాయి. అప్పుడు నా తోక నా మాట వినదు. నిరుడు ఇలాగే విసిరితే తాటిచెట్టు విరిగింది. దొరగారి మొహానికి తగిలిందనుకో..."

"ఓస్, కొంగే కదా! నేనే పిలుచుకొస్తాను."

"ధవళయ్యనే తీసుకురా. వాడు ఒకసారి కూర్చుంటే లేవడు."

నక్క వెళ్లాక గట్టు మీది మేక ఆగలేకపోయింది. "బిడ్డ ఒళ్లు పుండైతే తవుడుకు అమ్ముడుపోయావా అక్కా? థూ!"

కాటుకమ్మ నెమరు ఆపలేదు. "దున్నపోతు మీద వాన" అనుకుంటూ మేక పోయింది.

మర్నాడు ఏనుగు అడుగుపెట్టగానే లంక ఓ పక్కకు ఒరిగింది. కాటుకమ్మ కాలువలో మునిగి, నిగనిగలాడుతూ ఒడ్డెక్కింది.

"చూశారా దొరా! ఒక్క మరకైనా ఉందా?" అంది నక్క.

"లేదే! నూనె రాసుకున్న వస్తాదులా ఉంది" అని ఏనుగు ముద్ర వేయడానికి పాదం ఎత్తింది.

ఇంతలో జోరీగలు ముసిరాయి. ధవళయ్య అలవాటు కొద్దీ రివ్వున వచ్చి గేదె వీపు మీద చతికిలబడ్డాడు. ఇటు పొడిచాడు, అటు దొర్లాడు. ఈగలన్నీ అయ్యాక తృప్తిగా లేచి దొరకు దండం పెట్టాడు.

పైసగం మల్లెపువ్వు. కిందిసగం బొగ్గు.

ఏనుగు పాదం గాల్లోనే ఆగింది. "ఎవడ్రా నువ్వు? కొంగవా, కాకివా?"

"ఇందాకటిదాకా కొంగనే దొరా! కావాలంటే నక్కగారిని అడగండి, పిలుచుకొచ్చింది వారే."

ఏనుగు తొండంతో గేదె వీపు తడిమి, వాసన చూసి తుమ్మింది. ఆ తుమ్ముకు గొట్టం మీది మంట ఆరిపోయింది! కోళ్లు అప్పుడు పడుకున్నవి మూడ్రోజులకు గానీ లేవలేదు.

"ఎంత పని చేశావు వదినా!" అని నక్క ఏడ్చింది.

"నేనేం చేశాను మరిదీ? మునగమన్నావు, మునిగాను. నిలబడమన్నావు, నిలబడ్డాను. కొంగను తెచ్చింది నువ్వు."

ఏనుగు పాదం దిగింది, కాగితం మీద కాదు, నక్క తోక మీద. "కాలువ తేటపడేదాకా బావికి మూత. తుడవడానికి గుడ్డ వెతుక్కోకు. నీ వెనకాలే ఉంది."

నక్క వానాకాలమంతా తోకతో కాలువ తుడిచింది. కప్పలు తిరిగొచ్చాయి. దూడ పొక్కులు మానాయి గానీ, మచ్చలు మిగిలాయి. మేక రెండు గంపల పచ్చిగడ్డి మోసుకొచ్చి కాటుకమ్మ ముందు పెట్టిపోయింది. నా మాట నమ్మనివాళ్లు ఈసారి గుంటనక్క కనబడితే తోక కొస చూడండి, ఆ నలుపు ఇంకా వదల్లేదు.

నలుపులో నలుపును దాచొచ్చు గానీ, దానిమీద వాలే తెలుపు నోరు మూయలేం.