దిగుడులో ఆపని బండి

ఓబుళయ్య తాతను ప్రశ్న అడిగినవాడు ఆ పూటే జవాబు పట్టుకుని ఇంటికి పోయిన దాఖలా లేదు. నలభై ఏళ్లు నాపరాళ్ల గనిలో బండలు కోసి, ఆ పని మానుకున్నాక గురువైన మనిషి ఆయన. సోమవారం సాయంత్రాలు ఆయన అరుగు మీద పదిమంది చేరి తత్వాలు పాడుకుంటారు. పాట అయ్యాక ఎవరైనా సందేహం అడిగితే తాత భుజం మీది తువ్వాలు సర్దుకుని, "సరే, చూద్దాంలే" అంటాడు. అంతే. కొత్తగా వచ్చినవాళ్లకు ఒళ్లు మండేది. పాతవాళ్లు నవ్వుకునేవాళ్లు, ఎందుకంటే చూద్దామన్న తాత ఎప్పుడో ఒకప్పుడు చూపించకుండా ఉండడని వాళ్లకు తెలుసు.

ఆ సోమవారం అడిగినవాడు సుంకన్న. ఇళ్లలో బండలు పరిచే మేస్త్రి. ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు, రోజుకు నలభై కిలోమీటర్లకు తక్కువ కాకుండా పాత మోటార్ సైకిల్ మీద తిరిగితే గాని పొట్ట గడవదు. మనిషి మంచివాడు, మాట మంచిది, పనిలో వంక పెట్టడానికి లేదు. అయితే పెట్రోలు ధర పైసా పైసాగా పాకుతూ పోయిన ఈ ఏడాదిలో ఆయనకు కొన్ని కొత్త విద్యలు అబ్బాయి. దిగుడు వస్తే చాలు, ఇంజన్ ఆపేసి గాలికి వదిలేస్తాడు. ఎక్కుడు వచ్చినప్పుడే మళ్లీ కిక్కు. ఇక ట్యాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. రిజర్వు అనేది ఆపదకు దాచుకునేదని లోకమంతా అనుకుంటుంది కదా, సుంకన్న దాని మీదే కాపురం పెట్టాడు.

"సామీ, నా గుణం చెడిందా, కాలం చెడిందా, అది చెప్పండి" అన్నాడు అరుగు మీద తల వంచుకుని. "మునుపు దోవలో ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేవాణ్ణి. ఇప్పుడు చూసీ చూడనట్టు పోతాండా. పోయిన వారం మా మద్దిలేటి బావనే దాటేసి పోయినా."

మద్దిలేటి అంటే సుంకన్న భార్య సువర్ణకు అన్న. జరిగింది ఇది. సుంకన్న పెద్ద దిగుడులో ఇంజన్ ఆపి జారుతున్నాడు. దిగుడు అడుగున మద్దిలేటి నిలబడి చెయ్యెత్తాడు. ఆపితే ఊపు పోతుంది, ముందున్న చిన్న మిట్ట ఎక్కాలంటే మళ్లీ ఇంజన్ వెయ్యాలి. ఆ లెక్క మనసులో తేలేలోపే సుంకన్న తల పక్కకు తిరిగి, అక్కడ లేని గొర్రెలను చూడడం మొదలుపెట్టింది. బావ మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు మైళ్లు నడిచిపోయాడు. మర్నాడు కబురు పంపాడు, "పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేదానికి ఇంకొకణ్ణి చూసుకోమను" అని. ఈ శనివారమే సుంకన్న కూతురి పుట్టువెంట్రుకలు. మేనమామ ఒడి లేకుండా బిడ్డ తల మీద కత్తి పెట్టడం వాళ్ల ఇంటా వంటా లేదు. సువర్ణ ఆ రోజు నుంచి కంచం అయితే ముందు పెడుతోంది గాని, మొగుడితో పలకడం మానేసింది.

"కాళ్లు పట్టుకుందామంటే మొహం చెల్లడంలేదు సామీ."

తాత తువ్వాలు సర్దుకున్నాడు. "సరే, చూద్దాంలే. రేపు నాకు రంగాపురంలో పని ఉంది. నీ బండి మీద దింపుతావా?"

గురువు అడిగితే కాదనేదేముంది? రంగాపురం మద్దిలేటి ఊరని తెలిసినా, తల ఊపాడు.

మంగళవారం పది గంటలకు బయలుదేరారు. ఎనిమిది కిలోమీటర్లు బాగానే నడిచింది. తర్వాత ఒక మిట్ట మీద బండి రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయింది. సుంకన్న అలవాటుగా ట్యాప్ రిజర్వు వైపు తిప్పబోయాడు. అది ఎప్పటినుంచో అక్కడే ఉంది! ఒక్కడి బరువుకు సరిపోయేంత పోసుకుని, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకున్న సంగతి లెక్కలో వేసుకోలేదు మహానుభావుడు. బండిని పక్కకు పడుకోబెట్టి, లేపి, ఊపి, ట్యాంకులోకి ఊది మళ్లీ కిక్కు కొట్టాడు. ఒక ఫర్లాంగు కనికరించి మళ్లీ ఆగింది. ఇక బంకు మూడు కిలోమీటర్లు. నీడ లేదు. తాతకు డెబ్బై రెండేళ్లు.

"సామీ, చెప్పు తీసుకుని కొట్టండి నన్ను" అన్నాడు సుంకన్న.

"చెప్పులు బాగున్నాయి, ఎందుకు పాడుచేసుకోవాల?" అని తాత కిలోమీటరు రాయి మీద హాయిగా కూర్చున్నాడు. ఆ మనిషికి తొందరన్నది తెలియదు.

సుంకన్న రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాడు. ఒక బండి పోయింది. ఇంకో బండి పోయింది. ఆ రెండో అతను దగ్గరికి వచ్చేసరికి తల అటు తిప్పి పొలాల్లోకి చూస్తూ పోయాడు. ఆ చూపు సుంకన్నకు బాగా తెలిసిన చూపే. అతణ్ణి తిట్టడానికి నోరు రాలేదు.

మూడో బండి పాల హుస్సేనుది. ఖాళీ క్యాన్లు రెండు పక్కలా వేలాడుతున్నాయి. వెనక కూర్చున్నది మద్దిలేటి. సుంకన్న ఎత్తిన చెయ్యి సగంలోనే కిందికి దిగిపోయింది. బండి వాళ్లను దాటుకుని పోయింది కూడా. బాగా అయింది నాకు, ఇదే కావలసింది అనుకున్నాడు సుంకన్న. అనుకున్నాడే గాని, కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంద గజాల అవతల బండి ఆగింది. మద్దిలేటి దిగాడు. హుస్సేను ఒక్కడే వెనక్కి తిప్పుకుని వచ్చాడు.

"పెట్రోలు అయిపోయిందంట కదా, మద్దిలేటన్న నిన్ను చూస్తానే చెప్పినాడు. పెద్దాయనను ఎక్కించుకుని హ్యాండిల్ గట్టిగా పట్టుకో. నేను కాలితో తోస్తా. వెనక మనిషి ఉంటే నా బండికి శక్తి చాలదు, అందుకే అన్న దిగిపోయినాడు."

హుస్సేను తన ఎడమ కాలు చాచి సుంకన్న బండి వెనక ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, ఆక్సిలరేటర్ తిప్పాడు. రెండు బండ్లు ఒక ఇంజన్ మీద కదిలాయి. పక్కనే రోడ్డు వారగా మద్దిలేటి తలపాగా చుట్టుకుని నడుస్తున్నాడు. సుంకన్నకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "బావా" అన్నాడు పక్కకు తిరిగి.

"ముందు చూసి పట్టుకోప్పా, వెనక పెద్దాయన ఉండాడు" అన్నాడు మద్దిలేటి, మొహం చూడకుండానే.

కొంత దూరం పోయాక సుంకన్న ఉండబట్టలేక వెనక్కి అరిచాడు. "హుస్సేనూ, ఇద్దరి బరువు తోస్తాండావు, నీ పెట్రోలు ఎంత తాగుతుందో ఏమో! రేటు తెలుసు కదా నీకు?"

"తెలుసు కాబట్టే నువ్వు ఎందుకు ఆగిపోయినావో తెలిసింది" అని హుస్సేను పెద్దగా నవ్వాడు.

బంకు దగ్గర హుస్సేను కాలు తీసేసి, పాల వేళ అయిందని నిలబడకుండా వెళ్లిపోయాడు. సుంకన్న తాతను షెడ్డు నీడన కూర్చోబెట్టాడు. పెట్రోలు పోయించుకుని, మూత సరిగా పెట్టాడో లేదో కూడా చూసుకోకుండా వచ్చిన దోవనే వెనక్కి దూకించాడు. దిగుడు వచ్చింది, ఇంజన్ మాత్రం ఆపలేదు. ఆ విద్యే గుర్తుకు రాలేదు.

మద్దిలేటి కిలోమీటరున్నర నడిచి ఉన్నాడు. సుంకన్న బండి తిప్పి ఆయన పక్కన ఆపాడు. "ఎక్కు బావా."

మద్దిలేటి నడుం మీద చెయ్యి పెట్టుకుని రోడ్డును ముందుకూ వెనక్కూ పరీక్షగా చూశాడు. "ఏమప్పా, ఇక్కడ దిగుడు లేదా, ఆపినావు?"

అంటే ఆ రోజే కనిపెట్టాడన్నమాట. సుంకన్న బండి దిగి, రోడ్డు మీదే వంగి బావ కాళ్లు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది బావా. నువ్వు కొట్టినా పడతా. పిల్లకు మాత్రం నీ ఒడి లేకుండా చెయ్యొద్దు."

"లెయ్యి, లెయ్యి, నడిరోడ్డు మీద ఈ కథలేంది" అని మద్దిలేటి భుజం పట్టి లేపాడు. కోపం నిలబెట్టుకోవాలని ఇంకాసేపు చూశాడు గాని, నవ్వొచ్చేసింది ఆయనకు. వెనక ఎక్కి కూర్చుని అడిగాడు, "శనివారం ఎన్ని గంటలకు?"

బంకు చేరేసరికి తాత షెడ్డు కింద సోడా తాగుతున్నాడు. బావామరదులు కలిసి రావడం చూసి గ్లాసు పక్కన పెట్టాడు. సుంకన్న చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒంట్లో ఏదో బరువు దిగిపోయినట్టుంది, అయినా అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది కదా అనిపించింది.

"సామీ, గుణమా కాలమా అని నిన్న నేనడిగిందానికి..."

"ఇవాళ పెట్రోలు రేటెంత సుంకన్నా?" అన్నాడు తాత.

సుంకన్న నోరు తెరిచాడు. ఇప్పుడే పోయించుకున్నాడు, చేత్తో డబ్బిచ్చాడు. ఎంత ఆలోచించినా అంకె తట్టలేదు. "చూసుకోలేదు సామీ" అన్నాడు, తనకే వింతగా తోచి.

తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బండి వైపు నడిచాడు.

"నేను చూసినాలే. నిన్నటికంటే పెరిగింది."